ఇంట్లో ఒక మాట, బడిలో ఇంకో మాట: సీమలో పిల్లల్ని ఏ మీడియంలో వేయాలి?

ఒకటో తరగతిలో కొత్తగా చేరిన తాండా పిల్లవాడిని "మీ నాయన యాడికి పోయినాడురా?" అని అడిగాను. వాడు బదులు చెప్పకుండా బడి గేటు వైపు చూశాడు. మళ్లీ అడిగాను. మళ్లీ గేటు వైపే చూశాడు, ఈసారి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. పక్కనున్న మూడో తరగతి పిల్ల నవ్వి, "సార్, మా మాటలో యాడి అంటే అమ్మ. వాళ్లమ్మ వచ్చిందంటున్నారేమో అనుకుంటున్నాడు" అంది. నేను అనంతపురం జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ణి. యాడికి అనే ఊరు కూడా మా జిల్లాలోనే ఉంది. అయినా ఆ మాట లంబాడీ బిడ్డ చెవికి ఎట్లా వినిపిస్తుందో నాకు ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు దాకా తెలీలేదు.

ఏటా బడులు తెరిచే ముందు నలుగురైదుగురు ఇంటికొచ్చి అడుగుతారు, "సార్, మా బిడ్డను ఏ మీడియంలో వేయమంటారు?" అని. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లకు ఇది తెలుగా, ఇంగ్లీషా అనే ప్రశ్న. ఉర్దూ, కన్నడ, లంబాడీ మాట్లాడే ఇళ్లకు అంత సులువు కాదు. వాళ్ల బిడ్డకు బడిలో తెలుగూ కొత్తదే, ఇంగ్లీషూ కొత్తదే. చాలాసార్లు రెండూ ఒకే రోజు మొదలవుతాయి. ఇది ముఖ్యంగా వాళ్ల కోసం రాస్తున్నాను. 22 ఏళ్లుగా పంతులుగా చేస్తున్నాను, మా అత్తగారిది ఆదోని, కాబట్టి కర్నూలు వైపు సంగతులు కూడా కొంత తెలుసు.

మన పాత కర్నూలు, కడప, అనంతపురం మూడు జిల్లాల్లో అందరి ఇంటి భాషా తెలుగే అనుకోవడం పెద్ద పొరపాటు. కర్నూలు పాతబస్తీ, ఆదోని, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు, రాయచోటి, కదిరి, హిందూపురం, ఎక్కడ చూసినా ఉర్దూ వాడలున్నాయి. మడకశిర దగ్గర అమరాపురం, అగళి, రొళ్ల, గుడిబండ మండలాల్లో అంగట్లో మాట కన్నడం. రాయదుర్గం, డి.హిరేహాళ్, ఆలూరు, హొళగుంద వైపూ అంతే. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లావి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజు సరిహద్దు గీత పక్కకు జరిగింది, ఇళ్లలో మాట మాత్రం కదల్లేదు. ఇక లంబాడీ తాండాలు మూడు జిల్లాల్లోనూ ఉన్నాయి. (2022లో జిల్లాలు విడదీశారు, నేను మాత్రం అలవాటు కొద్దీ పాత పేర్లే వాడుతున్నాను.)

బోర్డు ఆఖరున చూడండి

బడి బోర్డు మీద ఏ మీడియం అని రాసుందో అది ఆఖరున చూడండి. ముందు చూడాల్సినవి రెండు. ఒకటి, ఒకటో తరగతి, రెండో తరగతి చెప్పే టీచరుకు మీ బిడ్డ మాట తెలుసా? రెండు, ఆ మీడియం ఆ బడిలో ఎన్నో తరగతి దాకా ఉంది, ఆ తర్వాత పోవాల్సిన బడి ఎంత దూరంలో ఉంది?

తల్లిదండ్రులు రెండోదే చూస్తారు. అది కూడా ఇంటరు, ఇంజనీరింగు దాకా ఊహించుకుని చూస్తారు. ఐదేళ్ల పిల్ల "కడుపు నొస్తాంది" అని తన మాటలో చెప్తే టీచరుకు అర్థమవుతుందా అని అడిగినవాళ్లు నా 22 ఏళ్లలో ఇద్దరో ముగ్గురో.

"ఏముంది సార్, ఆరు నెలలు పిల్లలతో ఆడుకుంటే భాష అదే వస్తాది" అంటారు. ఆడుకునే భాష వస్తుంది, నిజమే. పాఠం భాష అట్లా రాదు. కెనడాలో వలస కుటుంబాల పిల్లల మీద జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు చేసిన పనిలో తేలింది ఇదే. కొత్త భాషలో తోటి పిల్లలతో మాట్లాడటానికి సుమారు రెండేళ్లు సరిపోతాయి. అదే భాషలో చదివి, అర్థం చేసుకుని, రాసి తోటివాళ్లతో సమానం కావడానికి 5 నుంచి 7 ఏళ్లు పడుతుంది. అంటే ఒకటో తరగతిలో మొదలుపెట్టిన బిడ్డ ఐదో తరగతి దాటేదాకా పాఠం భాషలో వెనకే ఉంటాడు. వాడు గ్రౌండ్‌లో గడగడా మాట్లాడుతుంటాడు కాబట్టి అందరం "భాష వచ్చింది, బుర్రే లేదు" అని తేల్చేస్తాం. మేం టీచర్లం కూడా తేల్చేస్తాం, దాచుకోవడమెందుకు.

ఒకసారి నా క్లాసులోనే జరిగింది. నల్లబల్ల మీద లెక్క రాశాను: "రాము వద్ద 12 పండ్లు కలవు. అందులో 5 పండ్లు చెల్లెలికి ఇచ్చెను. మిగిలినవి ఎన్ని?" వెనక బెంచీలో కూర్చున్న పిల్లవాడు పలక మీద 17 వేశాడు. వాడు ఆదివారం సంతలో వాళ్ల అవ్వతో కూర్చుని నిమ్మకాయలు అమ్మేవాడు, చిల్లర వాడే ఇచ్చేవాడు. బయటికి పిలిచి, "నీ కాడ పన్నెండు నిమ్మకాయలుండె. ఐదు అమ్మితివి. ఇంకెన్నుండాయి?" అన్నాను. నేను మాట ముగించక ముందే "ఏడు" అన్నాడు. వాడికి తీసివేత వచ్చు. 'వద్ద', 'కలవు', 'మిగిలినవి' రావు. లెక్కల్లో సున్నా మార్కులు ఆ మూడు మాటలకు పడ్డాయి. ఇంట్లో తెలుగే మాట్లాడే మన సీమ పిల్లలకు కూడా పుస్తకం తెలుగు కొంత ఇట్లాంటిదే. కాకపోతే వాళ్లకు మెట్టు ఒకటి, ఇంట్లో తెలుగు లేని ఈ పిల్లవాడికి రెండు.

ఉర్దూ మీడియం బడి

ఉర్దూ ఇళ్లవాళ్లకు ఇది దగ్గరున్న దారి. ఫీజు లేదు, మధ్యాహ్న భోజనం ఉంది, చాలావరకు వాడలోనే ఉంటుంది, ఆడపిల్లలు నడిచి పోతారు. అన్నిటికన్నా ముఖ్యం, తల్లి వచ్చి టీచరుతో మాట్లాడగలదు. తెలుగు బడిలో పేరెంట్స్ మీటింగుకు వచ్చిన ఉర్దూ తల్లులు గోడవారగా నిలబడి తలూపి పోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఉర్దూ బడిలో ఆ తల్లే టీచరుతో పోట్లాడుతుంది. బిడ్డ చదువుకు అట్లా పోట్లాడే తల్లి కావాలి.

అక్షరాల దగ్గర కూడా ఒక సౌకర్యముంది. సాయంత్రం మక్తబ్‌లో ఖురాన్ చదవడానికి అలీఫ్, బే నేర్చుకున్న బిడ్డకు ఉర్దూ లిపిలో చాలా భాగం ముందే వచ్చేసినట్టు. పే, టే, చే, గాఫ్ లాంటి కొన్ని అక్షరాలు అదనంగా నేర్చుకుంటే చాలు.

అయితే ఉర్దూ మీడియం అంటే సరాసరి ఇంటి భాషే అనుకోకండి. ఇంట్లో మాట్లాడేది దక్కనీ. "నక్కో", "హౌ", "కైకు" అనే బిడ్డకు పుస్తకంలో "నహీఁ", "హాఁ", "క్యోఁ" కనిపిస్తాయి. అది పెద్ద గోడ కాదు, గడప లాంటిది. టీచరు కూడా మన వైపు మనిషైతే దాటించేస్తుంది.

అసలు చిక్కు రెండో ప్రశ్న దగ్గర వస్తుంది. ప్రాథమిక బడి వాడలో ఉంటుంది, ఉర్దూ హైస్కూలు ఎక్కడో ఉంటుంది. హైస్కూలు ఉన్నచోట లెక్కలకో సైన్సుకో ఉర్దూలో చెప్పే టీచరు ఉండకపోవచ్చు. డీఎస్సీలో ఉర్దూ పోస్టులు వేరుగా ఉంటాయి, రిజర్వేషన్ కోటాలో ఉర్దూ చదివిన అభ్యర్థులు దొరక్క కొన్ని ఖాళీగా మిగిలిపోతుంటాయి. ఈ మాట ఏళ్లుగా వింటున్నదే. కాబట్టి బడికి పోయి "మీడియం ఉందా" అని అడగొద్దు, "మనిషి ఉన్నారా" అని అడగండి. ఎంతమంది టీచర్లు, ఎన్ని తరగతులు, ఒక్కరే ఐదు తరగతులూ చూస్తున్నారా? మూడో తరగతి పిల్ల నోట్‌బుక్ ఒకటి తిరగేయండి. తారీఖులు వరసగా ఉన్నాయా, మధ్యలో నెల నెల ఖాళీలున్నాయా అని చూస్తే బడి సంగతి సగం తెలిసిపోతుంది.

పై చదువు పూర్తిగా మూసుకుపోతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ యూనివర్సిటీ 2016 నుంచి ఉంది. హైదరాబాదులో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం 1998 నుంచి ఉంది. నీట్, జేఈఈ మెయిన్ పేపర్లు 13 భాషల్లో ఇస్తారు, వాటిలో తెలుగుతో పాటు ఉర్దూ, కన్నడ కూడా ఉన్నాయి. కాకపోతే పేపరు ఉర్దూలో వచ్చినంత మాత్రాన కోచింగ్ ఉర్దూలో దొరకదు. 2022లో ఉర్దూను రాష్ట్రానికి రెండో అధికార భాషను చేశారు, అయినా మండలాఫీసులో అర్జీ రాసివ్వాలంటే ఇప్పటికీ తెలుగు వచ్చినవాణ్ణి వెతుక్కోవాల్సిందే. ఆంధ్రాలో బతికే బిడ్డకు తెలుగు చదవడం, రాయడం రాకపోతే రేపు ఇబ్బంది పడేది ఆ బిడ్డే.

నేను చెప్పేదేమంటే, మంచి టీచరు ఉంటే ఐదో తరగతి దాకా ఉర్దూ మీడియంలోనే వేయండి. మూడో తరగతి నుంచి తెలుగు అక్షరాలు ఇంటి దగ్గర కూడా దిద్దించండి. కుడి నుంచి ఎడమకు రాసే చేతిని ఎడమ నుంచి కుడికి తిప్పడానికి టైం పడుతుంది, ఆరో తరగతిలో ఒక్కసారిగా తిప్పితే బిడ్డ బెదిరిపోతుంది. టీచరే లేని ఉర్దూ బడి అయితే ఆ మాట వదిలేయండి. భాష మీద మమకారంతో ఖాళీ కుర్చీకి బిడ్డను అప్పగించొద్దు.

కన్నడ మీడియం, సరిహద్దు దాటడం

కన్నడ ఇళ్లవాళ్లది కొంచెం తేలికైన లెక్క. రెండు లిపులూ అక్కచెల్లెళ్లు. తలకట్టు తీరు, కొన్ని అక్షరాల ఒంపు తప్ప కన్నడం చదివే బిడ్డకు తెలుగు పేజీ కొత్తగా అనిపించదు. మాటల్లో తికమకలుంటాయి. కన్నడంలో ఊట అంటే భోజనం, తెలుగులో ఊట అంటే చెలమలో ఊరే నీళ్లు. అట్లాంటివి పిల్లలు నవ్వుకుంటూ నేర్చుకుంటారు. అందుకే కన్నడ ప్రాథమిక బడి దగ్గర్లో ఉంటే నిశ్చింతగా వేయొచ్చు. ఆరులో తెలుగుకో ఇంగ్లీషుకో మారినా ఉర్దూ బిడ్డ పడినంత అవస్థ ఉండదు.

మడకశిర, రాయదుర్గం వైపు కొందరు బిడ్డల్ని కర్ణాటకలో చుట్టాలింట్లో పెట్టి అక్కడి బడికి పంపుతారు. చదువు బాగానే ఉండొచ్చు, కానీ తర్వాత వచ్చే కాగితాల సంగతి ముందే ఆలోచించుకోండి. రాజ్యాంగం 371-డి కింద మన రాష్ట్రంలో సీట్లకూ ఉద్యోగాలకూ స్థానికత లెక్క ఉంది. వరసగా ఏ తరగతులు ఎక్కడ చదివారో స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. హైస్కూలు మొత్తం అవతల చదివిన పిల్లవాడు ఇక్కడ లోకల్ అనిపించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఇంకోవైపు, కర్ణాటక వృత్తి కోర్సుల ప్రవేశాల్లో గడినాడు కన్నడిగుల కోటా అని సరిహద్దు కన్నడిగులకు ఒకటుంది. ఆ కోటాకు అవతలికి పోయి చదవనక్కర్లేదు, మాతృభాష కన్నడమని రుజువు చూపించాలి. అవతల చదివించే ముందు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఊరి సర్కారు బడి, అద్దం పుస్తకాలు

లంబాడీ ఇళ్లకు మాతృభాష మీడియం అనే ఎంపికే లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో 8 గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టినప్పుడు అందులో బంజారా, అంటే లంబాడీ భాష కూడా ఉంది. కానీ ఇవాళ మా తాండా బడిలో పిల్లవాడి చేతికొచ్చేవి తెలుగు, ఇంగ్లీషు పుస్తకాలే. కాబట్టి వీళ్లు ఎంచుకోవాల్సింది మీడియాన్ని కాదు, మనిషిని.

2020-21 నుంచి సర్కారు పుస్తకాలు రెండు భాషల్లో వస్తున్నాయి. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో. టీచర్లం వాటిని అద్దం పుస్తకాలు అంటాం. తెలుగు ఇంటి బిడ్డకు ఇది నిజంగా మంచి సౌకర్యం. ఇంగ్లీషు అర్థం కాకపోతే పక్క పేజీ చూసుకుంటుంది. లంబాడీ బిడ్డకో ఉర్దూ బిడ్డకో మాత్రం అద్దంలో రెండు పక్కలా పరాయి మొహమే. అయినా తప్పుపట్టను. పాఠం జరిగేది చివరికి టీచరు నోటి తెలుగులోనే. ఆ నోటికి బిడ్డ భాష నాలుగు ముక్కలొస్తే పని జరుగుతుంది.

ఇక్కడ చిన్న కిటుకు చెప్తాను. లంబాడీకి ఉర్దూ, హిందీ దగ్గరి చుట్టాలు. నీళ్లను వాళ్లు పాణి అంటారు, వీళ్లు పానీ అంటారు. ఉర్దూ వచ్చిన టీచరో, భోజనం వండే ఆయానో ఉన్న బడిలో లంబాడీ పిల్లలు తొందరగా నోరు విప్పుతారు. మా పాత బడిలో కదిరి వైపు నుంచి వచ్చిన ఉర్దూ టీచరమ్మ ఉండేది. నాలుగేళ్లలో నేను సాధించనిది ఆమె మొదటి వారంలోనే సాధించింది, రొట్టెను బాటి అంటారని తెలుసుకుని పిల్లల్ని "బాటి తిన్నావా" అని పలకరించడంతో. తాండా నుంచి రెండు బడులు దగ్గరుంటే, తాండా మనిషో ఉర్దూ మనిషో ఉన్న బడికే పంపండి, కిలోమీటరు ఎక్కువైనా సరే. అంగన్‌వాడీ దగ్గరా ఇదే చూడండి. అక్కడ కార్యకర్తో ఆయానో తాండా మనిషైతే బిడ్డకు ఒకటో తరగతిలో సగం భయం పోతుంది.

ప్రైవేటు ఇంగ్లీషు మీడియం

ఇక్కడ నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటుంది, ముందే చెప్తున్నా.

మా వీధిలో ఒక దర్జీ ఉన్నాడు. ఇంట్లో ఉర్దూ. రాత్రిళ్లు మిషన్ తొక్కి కూతుర్ని ఎల్‌కేజీ నుంచి ఒక ప్రైవేటు బడిలో చదివించాడు. ఐదో తరగతి అయ్యేసరికి ఆ పిల్ల ఇంగ్లీషు పద్యాలు పది అప్పజెప్పేది. చేతికి ఏదైనా కొత్త ఇంగ్లీషు కథ ఇస్తే చదవలేకపోయేది. తెలుగు అక్షరాలు కూడబలుక్కునేది. ఉర్దూ చదవడం అసలు రాదు. మూడు భాషల మధ్య పెరిగిన పిల్లకు ఒక్క భాషలోనూ కథ చదివి అర్థం చేసుకునే శక్తి రాలేదు. పిల్లది తప్పు కాదు. పాఠం అర్థమయిందా అని ఏ భాషలోనూ ఎవరూ అడగలేదు, అప్పజెప్పమని మాత్రం అడిగారు.

అన్ని ప్రైవేటు బడులూ ఇట్లా ఉంటాయనను. నిజంగా ఇంగ్లీషు బాగా నేర్పే బడులూ ఉన్నాయి. తేడా తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఇంటర్వెల్‌లో నాలుగో తరగతి పిల్లను ఎవరినైనా పిలిచి, "ఈ రోజు సైన్సులో ఏం చెప్పినారు?" అని ఏ భాషలోనైనా చెప్పమనండి. సొంత మాటల్లో చెప్తే బడి మంచిదే. "క్వశ్చన్ ఆన్సర్స్ రాయించినారు" అంటే బయటికి వచ్చేయండి. ఇంటి భాష మాట్లాడితే ఫైన్ వేసే బడి అయితే ఆ పరీక్ష కూడా అక్కర్లేదు.

విద్యాహక్కు చట్టం 2009లో రెండు సెక్షన్లు ఇక్కడ పనికొస్తాయి. సెక్షన్ 13 ప్రకారం బిడ్డకు గానీ తల్లిదండ్రులకు గానీ ఇంటర్వ్యూ, పరీక్ష పెట్టి సీటు ఇవ్వకూడదు. మొదటి తప్పుకు 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా ఉంటుంది. "తల్లిదండ్రులకు ఇంగ్లీషు రాదు కదా" అని వెనక్కి పంపడం చట్టవిరుద్ధం. రెండోది సెక్షన్ 12. దాని కింద ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. సీటొస్తే సంతోషమే, బస్సుకూ పుస్తకాలకూ ఏం కట్టాల్సి వస్తుందో మాత్రం చేరకముందే కాగితం మీద రాయించుకోండి.

ఇంగ్లీషు కావాలనుకోవడం తప్పు కాదు. 2019లో ప్రభుత్వం అన్ని సర్కారు బడుల్నీ ఇంగ్లీషు మీడియం చేస్తూ జీవో 81 ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ వెంటనే తల్లిదండ్రుల్ని అడిగితే 96 శాతానికి పైగా ఇంగ్లీషే కావాలన్నారు. రాజ్యాంగంలోని 350-ఏ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించాలని 1956 నుంచీ చెప్తోంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనచోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషే అంటోంది. 2014లో సుప్రీంకోర్టు మీడియం ఎంచుకునేది తల్లిదండ్రులేనంది. పుస్తకాల్లో ఏమున్నా, ఆ 96 శాతం మంది మూర్ఖులు కారు. ఇంగ్లీషు వచ్చినవాడికి బెంగళూరులో ఉద్యోగం దొరకడం వాళ్లు కళ్లతో చూశారు. ఇంగ్లీషు నేర్చుకోవడం వేరు, మొదటి రోజు నుంచి ఇంగ్లీషులోనే అన్నీ నేర్చుకోవడం వేరు అని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే.

గురుకులాలు, నవోదయ

ఐదు లేక ఆరో తరగతి నుంచి ఇవి పెద్ద దారులు. గురుకులాల్లో ఐదు నుంచి, ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాల్లో ఆరు నుంచి, గిరిజన పిల్లలకు ఏకలవ్య బడుల్లో ఆరు నుంచి చేరొచ్చు. నవోదయ కర్నూలు వైపు బనవాసిలో, అనంతపురం వైపు లేపాక్షిలో ఉంది. దానికి ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రాయాలి. రెండు గంటల పేపరు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. సీట్లలో 75 శాతం పల్లె పిల్లలకే.

దరఖాస్తులో పేపరు ఏ భాషలో కావాలో అడుగుతారు. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. ఇంటి భాష రాస్తారు. రాయాల్సింది బిడ్డ లెక్కలు ఏ భాషలో నేర్చుకుందో ఆ భాష. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ తెలుగు బడిలో ఎక్కాలు నేర్చిన బిడ్డకు ఉర్దూ పేపరు చేతికొస్తే ప్రశ్న చదవడానికే గంట పోతుంది.

బడులు మంచివే, నేను ఎవర్నీ ఆపను. ఒక్క సంగతి చూడండి. పదేళ్ల బిడ్డ హాస్టల్‌లో తన భాష మాట్లాడే ఇంకో బిడ్డ లేకుండా ఉంటే మొదటి ఏడు నరకం. అదే తాండా నుంచో అదే వాడ నుంచో ఇద్దరు కలిసి పోతే మాత్రం ఇద్దరూ నిలబడతారు. వీలైతే జంటగా పంపండి.

వలసకు పోయేవాళ్లు

కోసిగి, మంత్రాలయం వైపు నుంచి మిరపకోతకు గుంటూరు పోయే ఇళ్లకూ, మా వైపు నుంచి బెంగళూరు పనులకు పోయే ఇళ్లకూ ఇదంతా వేరే లోకం మాటలా అనిపించొచ్చు. వాళ్లకు నేను చెప్పేది చిన్నదే. బెంగళూరుకైతే బిడ్డ మధ్యలో కన్నడ బడిలో పడుతుంది, వెనక్కి వచ్చేసరికి రెండూ సగం సగం అవుతాయి. అవ్వ దగ్గర ఉంచడమో, ఊళ్లో వలస పిల్లల సీజనల్ హాస్టల్ నడుస్తుంటే అందులో చేర్చడమో మేలు. తప్పనిసరిగా తీసుకుపోతే పుస్తకాలు వెంట తీసుకుపోండి. టీసీ ఆలస్యమైందని అక్కడి బడి బిడ్డను చేర్చుకోకుండా ఉండకూడదు, విద్యాహక్కు చట్టం సెక్షన్ 5లో ఆ మాట స్పష్టంగా ఉంది. హెడ్‌మాస్టరు మొండికేస్తే ఆ సెక్షన్ నంబరు చెప్పండి. చాలాసార్లు నంబరు వినగానే మెత్తబడతారు.

ఇంకా తేలకపోతే

ఇంత చదివీ తేలకపోతే నేనైతే ఎట్లా చేస్తానో చెప్తాను. ఉర్దూ ఇల్లు, వాడలో ఇద్దరు టీచర్లున్న ఉర్దూ బడి: అందులోనే, ఐదు దాకా. ఉర్దూ ఇల్లు, బడిలో ఒక్కరే టీచరు, లేక ఎవరూ లేరు: ఊరి తెలుగు బడి, సాయంత్రం మక్తబ్‌లో ఉర్దూ చదవడం, రాయడం కూడా నేర్పమని అడగడం. కన్నడ ఇల్లు: కన్నడ బడి దగ్గరుంటే అదే, లేకపోతే బెంగ పెట్టుకోకుండా తెలుగు బడి. లంబాడీ ఇల్లు: ఒకటో తరగతి టీచరు ఎవరో కనుక్కుని ఆ మనిషిని బట్టి. ప్రైవేటుకు పోవాలంటే అప్పు చేయకుండా పదో తరగతి దాకా కట్టగలమన్న నమ్మకం ఉన్నప్పుడే. సగంలో ఆపి సర్కారు బడికి తేవడం అన్నిటికన్నా చెడ్డది, బిడ్డ మూడోసారి మొదలుపెట్టాల్సి వస్తుంది.

ఏ బడిలో చేర్పించినా చేర్చే రోజు ఒక్క పని చేయండి. దరఖాస్తులో 'మాతృభాష' అని ఒక గడి ఉంటుంది. రాసిచ్చేవాళ్లు అలవాటుగా అందులో తెలుగు అని రాసేస్తారు, మీరు వేలిముద్రో సంతకమో పెట్టేస్తారు. గడినాడు కోటాకు పోయిన రోజునో, ఈ బడికి ఉర్దూ పోస్టు కావాలని మేం పైకి రాసిన రోజునో ఆఫీసువాళ్లు ముందు చూసేది ఆ గడినే. రిజిస్టర్లో అందరూ తెలుగే అని ఉంటే ఉర్దూ పిల్లలు లేరన్నట్టే లెక్క. సంతకానికి ముందు ఆ గడిలో ఏముందో చదివించుకుని వినండి. తప్పుంటే అక్కడే కొట్టేయించి మీ ఇంటి భాష రాయించండి.